టెంకాయ నీళ్లు తాగిన కంప్యూటర్

నాకు మొదట్నుంచీ నోరెక్కువ. "దీని మూతికి తాళమేసేవాడు ఇంకా పుట్టలేదు" అని మా నాయన నవ్వుతూనే తిట్టేవాడు. అలాంటి దానికి రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో నోరు మూసుకుని చేయాల్సిన ఉద్యోగం దొరికింది. ప్రభుత్వ పనులన్నీ ఇకమీదట కంప్యూటర్ల మీదే నడుస్తాయట. అందుకు మన ఆఫీసులు ఎంతవరకు తయారుగా ఉన్నాయో తిరిగి చూసి రావాలి. హిందూపురంలో కంప్యూటర్ కోర్సు చేసి ఖాళీగా కూర్చున్న నాకు అది తాత్కాలిక ఉద్యోగమే అయినా గొప్పగానే అనిపించింది. దేశాన్ని నేనే ముందుకు తోస్తున్నట్టు పొద్దున్నే బస్సెక్కేదాన్ని.

చేతికిచ్చిన కాగితంలో ప్రశ్నలు చాలా చిన్నవి. కంప్యూటర్ ఉందా, లేదా? ఫోన్ ఉందా, లేదా? రెండు గడుల్లో ఏదో ఒకదానిలో టిక్కు పెట్టాలి. పక్కన ఒక్క మాట రాద్దామన్నా జాగా లేదు. పెనుకొండలో కూర్చుని మా కాగితాలన్నీ పోగుచేసే సూపర్‌వైజర్ మొదటిరోజే చెప్పేశాడు. "కథలు రాయొద్దమ్మా. టిక్కు పెట్టి తీసుకురా, చాలు."

ఒక శుక్రవారం ధర్మవరం దగ్గర ఒక మండల ఆఫీసుకు వెళ్లాను. రిటైర్మెంటుకు దగ్గరపడ్డ గుమాస్తా ఒకాయన మొలలోంచి తాళంచెవి తీసి, కంప్యూటర్ ఉన్న గది తెరిచాడు. ధర్మవరం కదా, దానికీ పట్టుగుడ్డే కప్పారు. గుడ్డ తీసి చూద్దును కదా, తెర మీద విభూతి గీతలు, మధ్యలో కుంకుమ బొట్టు, మెడలో ఎండిపోయిన బంతిపూల దండ!

"ఒకసారి ఆన్ చేయండి సార్" అన్నాను.

ఆయన తలుపువైపు చూసి గొంతు తగ్గించాడు. "అది లేయదులేమ్మా. పోయిన దసరాకు ఆయుధపూజ చేసినాము. జీపుకు, బీరువాకు, టైపు మిషనుకు చేసినట్టే దీనికీ చేసినాము. కొత్తది గదా, దిష్టి తగలకూడదని టెంకాయ దాని నెత్తిమీదనే కొట్టినారు. నీళ్లు లోపలికి పోయినాయి. ఆ పొద్దునుంచి ఇంతే."

"మరి బాగుచేయించలేదా?"

"పాడయిందని రాస్తే, ఎవరు పాడుచేసినారని అడుగుతారు. ఎవురి పేరు రాయల్ల చెప్పు? అందరమూ దండం పెట్టుకున్నోళ్లమే గదా."

నాకు నవ్వాగలేదు. పడీపడీ నవ్వుతుంటే గుమ్మం దగ్గర ఒకామె వచ్చి నిలబడింది, వెనకాలే కూతురు. ఆమె మగ్గాలకు పట్టుదారం కండెలు చుట్టే మనిషి. కాగితాలన్నీ ఒక ప్లాస్టిక్ కవర్లో పెట్టి రొమ్ముకు హత్తుకుని ఉంది.

"ఏమ్మా, మిషను బాగుచేసేదానికి వచ్చినావా?" అంది, ముఖం వెలిగిపోతూ.

కాదన్నాను. ఆ వెలుగు అలాగే ఆరిపోయింది. సంగతేమిటని అడిగితే చెప్పింది. కూతురికి నర్సు ట్రైనింగులో సీటు వచ్చేలా ఉంది. సోమవారం అనంతపురంలో కౌన్సెలింగు. ఆదాయం సర్టిఫికెట్ చూపిస్తేనే ఉచితంగా చేర్చుకుంటారు, లేకపోతే లేదు. దాని కోసం తల్లీకూతుళ్లు వారమంతా పని మానుకుని ఈ వరండాలోనే కూర్చుంటున్నారు.

"ఇచ్చేయొచ్చు కదా సార్!" అని గుమాస్తా మీద లేచాను.

"నిన్నమొన్నటిదాకా నేనే చేత్తో రాసిచ్చినాను తల్లీ. కంప్యూటర్ ఉండే ఆఫీసుల్లో ఇంక చేత్తో రాసేది చెల్లదని ఈ నెలే ఆర్డరొచ్చింది. ప్రింటే ఇయ్యల్లంట. నువ్వే 'పనిచేయదు' అని రాసి పంపు. పైనుంచి ఒక ముక్క వచ్చిందంటే ఈ పాపది ఇప్పుడే రాసిస్తా."

నవ్వు ఎటు పోయిందో పోయింది. ఆ అమ్మాయి నావైపే చూస్తోంది. నా కాగితం మీద అడ్డంగా, ఎర్ర ఇంకుతో, పెద్ద అక్షరాలతో "పనిచేయదు" అని రాశాను. మధ్యాహ్నం తిండి కూడా మానేసి పెనుకొండ బస్సెక్కాను.

సూపర్‌వైజర్ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఏమిటీ రాత? కంప్యూటర్ ఉందా, లేదా?"

"ఉంది సార్, కానీ..."

"ఉంది కదా!" అంటూ కొత్త కాగితం ఒకటి తీసి, చక్కగా "ఉంది" దగ్గర టిక్కు పెట్టాడు. ఎర్ర ఇంకు కాగితాన్ని మడిచి టీ గ్లాసు కింద పెట్టాడు.

ఆ పిల్ల సంగతంతా చెప్పాను. మీరొక్క ఫోన్ చేస్తే చాలన్నాను. బతిమాలడం నాకు చేతకాదు, అయినా బతిమాలాను.

"ఆ అమ్మాయి మన సర్వేలో లేదు కదమ్మా" అన్నాడు ఆయన. ఏమాత్రం కోపం లేకుండా, నాకు నచ్చజెబుతున్నట్టే అన్నాడు.

"మరి ఈ సర్వే ఎవరి కోసం సార్, టెంకాయ కొట్టుకోడానికా?" అని అరిచేశాను. గదిలో అందరూ తలలెత్తి చూశారు. ఆయన టీ తాగడం ఆపలేదు. బయటికొచ్చి బస్టాండులో నిలబడితే కళ్లవెంట నీళ్లు కారిపోయాయి. బాధతో కాదు, ఒళ్లు మండి.

మర్నాడు మళ్లీ ధర్మవరం వెళ్లి ఉన్నమాట చెప్పాను. ఆ తల్లి కవర్లోని కాగితాలన్నీ తీసి గుమాస్తా బల్లమీద పెట్టింది. గుమాస్తా ఆ పిల్లను చాలాసేపు చూశాడు. "ఏమన్నా కానీ పోమ్మా" అని, కళ్లద్దాలు తుడుచుకుని, తన గుండ్రటి అక్షరాలతో సర్టిఫికెట్ రాసి, లోపలికెళ్లి ఆఫీసరుతో సంతకం చేయించుకొచ్చాడు. ఆమె నా రెండు చేతులూ పట్టుకుంది. గెలిచామనుకుని నేను హిందూపురం వచ్చేశాను.

సోమవారం ఏం జరిగిందో నాకు వానాకాలంలో గానీ తెలియలేదు. సర్వే రెండో విడతకు అదే ఆఫీసుకు వెళితే గుమాస్తాయే చెప్పాడు. కౌన్సెలింగులో కూర్చున్నవాళ్లు కంప్యూటర్లున్న ఆఫీసుల జాబితా పక్కన పెట్టుకున్నారట. "మీ ఆఫీసులో కంప్యూటర్ ఉంది కదా, ప్రింటు ఏది?" అని అడిగి, చేతిరాత కాగితాన్ని వెనక్కి తోసేశారు. సీటు తర్వాతి నంబరు అమ్మాయికి పోయింది.

గదిలో కంప్యూటర్ మాత్రం టకటకమని నడుస్తోంది. ఎవరో పెద్దాఫీసరు చూడ్డానికి వస్తున్నాడని హడావుడిగా హిందూపురం నుంచి మెకానిక్‌ను పిలిపించారట. ఎవరు పాడుచేశారని ఎవరూ అడగలేదు. అతను మూత విప్పి, తుడిచి, ఏదో ఒక పార్టు మార్చాడు. ఆ పూటే లేచి కూర్చుంది. ఒక్క పూట పని! ఆ మాట వినగానే అరికాలి మంట నెత్తికెక్కింది. తిట్టడానికి ఎదురుగా ఉన్నది ఆ గుమాస్తా ఒక్కడే. ఆయన్ను ఏమని తిట్టను?

ఇల్లు అడిగి తెలుసుకుని మగ్గాల వీధికి వెళ్లాను. అమ్మాయి నడవలో కూర్చుని కండెలు చుడుతోంది. నన్ను గుర్తుపట్టి తల ఊపి, మళ్లీ దారం వైపు తిరిగింది. తల్లి నాకు మంచినీళ్లిచ్చి, లోపలికెళ్లి ఆ ప్లాస్టిక్ కవరే తెచ్చింది. అందులోంచి మడత నలగని తెల్లకాగితం ఒకటి తీసి నా చేతిలో పెట్టింది. కంప్యూటర్ ప్రింటు. ఆదాయం సర్టిఫికెట్. కూతురి పేరు, ఊరు, అన్నీ సరిగ్గా ఉన్నాయి.

"వచ్చిందిమ్మా, కంప్యూటర్‌దే. సారు పిలిచి మరీ ఇచ్చినాడు" అంది. తర్వాత నావైపు చూసి, నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. "చదువుకున్నదానివి, నువ్వే చెప్పు. ఇప్పుడు దీన్ని యాడికి తీసకపోవల్ల?"