విశాఖ నుంచి ఇరవై నిమిషాలు

దెయ్యం పట్టడానికి మనిషిలో కాస్త బుర్ర ఉండాలేమో. ఎనిమిదో తరగతి లెక్కల పరీక్ష మధ్యలో లేచి బడి మానేసినవాణ్ణి కాబట్టి ఆ భయం నాకెప్పుడూ లేదు. దెయ్యాలని ఎవరైనా అంటే నవ్వేవాణ్ణి.

తొంభైల మొదట్లో ఫిల్మ్‌నగర్‌లో ప్రొడక్షన్ మేనేజర్‌గా చేసేవాణ్ణి. నా పనంతా లెక్కలే, చూడండి. ఏ ఆర్టిస్టు ఏ ఊళ్లో ఉన్నాడు, ఎన్ని గంటలకు ఇక్కడికి తేగలం. విశాఖ నుంచి హైదరాబాద్ రోడ్డు మీద ఆరువందల కిలోమీటర్ల పైచిలుకు, విమానంలో గంట. ఇది నాకు నిద్రలోనూ వచ్చు.

ఆ రోజు ఒక్క సీనుకే డబ్బింగ్ మిగిలింది. జైల్లో ఉన్న కొడుకుతో తండ్రి చెప్పే నాలుగు మాటలు. ఆ తండ్రి వేషం పానకాలుగారిది. సాయంత్రం విమానంలో టేపు, ప్రింట్లు వేసే మద్రాసు ల్యాబుకు వెళ్లకపోతే రిలీజు ఆగుతుంది. ఆగితే రేపటి నుంచి ఆఫీసు మెట్లెక్కవద్దని నిర్మాత నాకు పొద్దున్నే చెప్పారు.

పానకాలుగారు విశాఖలో వేరే షూటింగ్ ముగించుకుని పొద్దుటి విమానానికి రావాలి. నేను చేసిన తప్పల్లా, గాల్లో ఉండే గంటే లెక్కేశాను. నేల మీద ఆగిపోయే గంటలు వేయలేదు.

పదింటికి ఆయన డబ్బింగ్ థియేటర్‌లోకి వచ్చారు. తెల్ల లాల్చీ. ఎవరినీ పలకరించలేదు. నేరుగా మైకు ముందు నిలబడి, తెర చూస్తూ ఒక్క టేకులో చెప్పేశారు. చివరి మాటకు ముందు చిన్నగా నవ్వారు. రికార్డింగ్ చేసే యాదగిరి నాకు బొటనవేలు చూపించాడు. టీ ఇస్తామన్నా ఆగకుండా ఆయన బయటికి నడిచారు. వెనకే వెళ్లాను. వరండాలో ఎవరూ లేరు. కారూ లేదు. ఆయన్ని తేవడానికి వెళ్లిన మా డ్రైవర్ ఇంకా బేగంపేట ఎయిర్‌పోర్టులోనే ఉన్నాడని అప్పుడు గుర్తొచ్చింది.

పదీ ఇరవైకి ఫోను మోగింది. విశాఖ ఎయిర్‌పోర్టు నుంచి.

"ఏమయ్యా, కంగారు పడుతున్నావా? విమానం ఇంకా లేవలేదు. వచ్చేస్తాలే," అన్నారు పానకాలుగారు.

రిసీవర్ పెట్టేసి గడియారం చూశాను. మళ్లీ మళ్లీ లెక్కేశాను. ఏ లెక్కలోనూ అది కుదరలేదు.

ఒంటిగంటన్నరకు ఆయన వచ్చారు. గళ్ల చొక్కా. మేమేం చెప్పకుండా టేపు వినిపించాం. చివర్లో ఆ నవ్వు రాగానే ఆయన కుర్చీలో కూలబడ్డారు.

"ఆ నవ్వు కాగితంలో లేదు. ఎయిర్‌పోర్టులో కూర్చుని, అక్కడ చిన్న నవ్వు పెడదామని నాలో నేను అనుకున్నాను. ఎవరికీ చెప్పలేదు," అన్నారు.

మళ్లీ చెప్పడానికి ఒప్పుకోలేదు. "ఇదే పంపించెయ్," అని వెళ్లిపోయారు. అదే వెళ్లింది. సినిమా అనుకున్న రోజునే వచ్చింది, నా ఉద్యోగం నిలిచింది.

మైకు ముందు నిలబడింది ఎవరో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ రోజు సాయంత్రం యాదగిరిని పట్టుకుని పదిసార్లు అడిగాను. అతను వైర్లు చుట్టుకుంటూ తల కూడా ఎత్తలేదు.

"ఆర్టిస్టు రాకుంటే ఏడుస్తవ్. ఇయ్యాల రెండుసార్లు వచ్చిండు, గిప్పుడు గూడ ఏడుస్తున్నవ్. అసలు నీకేం గావాలె అన్నా?"