మా ల్యాబ్ బాబాయి ఉప్పులు

మొన్న బుధవారం నేను ఎనిమిదో తరగతికి పాఠం చెబుతుండగా ఫోను మోగింది. నాతో డిగ్రీ చదివిన స్నేహితురాలు పలాస నుంచి చేసింది. "ల్యాబ్ బాబాయి పోనారే. తెల్లారి లేపితే లెగలేదట" అంది.

సాయంత్రం నౌపడలో ఆయన ఇంటి ముందుకి వెళ్లేసరికి వీధి నిండిపోయింది. నర్సులున్నారు, టీచర్లున్నారు, మందుల షాపు నడుపుకునేవాళ్లున్నారు, ఒక బ్యాంకు మేనేజరు కూడా ఉన్నాడు. చుట్టాలు మమ్మల్ని వింతగా చూశారు. కాలేజీలో అటెండరుగా చేసి రిటైరైన మనిషి కోసం ఇంతమంది ఎందుకొచ్చారో వాళ్లకి అర్థం కాలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

ఆయనకో పేరుండేది. అది హాజరు పట్టీలో తప్ప ఎక్కడా వినపడేది కాదు. ప్రిన్సిపాల్ గారి నుంచి క్యాంటీన్లో టీ పోసే మనిషి దాకా అందరికీ ఆయన ల్యాబ్ బాబాయే.

టెక్కలి వైపు హైవేకి కాస్త లోపలగా ఉండేది మా కాలేజీ. ముందు రెండంతస్తుల భవనం, వెనక జీడితోటని ఆనుకుని రేకుల షెడ్డు. ఆ షెడ్డే కెమిస్ట్రీ ల్యాబ్. నేను చేరిన ఏడే కాలేజీలో బీకాం కంప్యూటర్ కోర్సు కొత్తగా పెట్టారు. కంప్యూటర్ల గదికి ఏసీ, కిటికీలకి పరదాలు, గుమ్మం బయట చెప్పుల వరస. బీకాం వాళ్లు గుడికెళ్లినట్టు చెప్పులు విప్పి లోపలికి వెళ్లేవారు. మొదటి ప్రాక్టికల్ రోజున మేమూ అలాగే షెడ్డు బయట చెప్పులు విప్పబోయాం. లోపలి నుంచి ఒక్క అరుపు వినిపించింది.

"సెప్పులు విప్పీకండమ్మా! ఇది దేవుడి గది కాదు. యాసిడ్ సుక్క పడితే కాలు కాలిపోద్ది!"

బాబాయిని నేను చూడటం అదే మొదలు. మోకాళ్ల దాకా మడిచిన ఖాకీ ప్యాంటు, భుజం మీద తుండు, పొట్టిగా, గట్టిగా ఉండే మనిషి. నౌపడ నుంచి రోజూ సైకిలు మీద వచ్చేవారు. మేం కడిగిన పొడవాటి గాజు గొట్టాన్ని, బ్యూరెట్‌ని వెలుతురుకెత్తి చూసేవారు. లోపల నీటి చుక్కలు కనిపిస్తే చాలు, వెనక్కిచ్చేసేవారు. "నీరు గాజుని పట్టుకుని పల్సగా జారాల. సుక్కలు కట్టిందంటే జిడ్డున్నట్టే. మళ్లీ కడుగు." ఒకసారి నా చేత నాలుగుసార్లు కడిగించారు. ఆ రోజు ఆయన మీద నాకు చాలా కోపం వచ్చింది.

రెండో ఏడు, దసరా దాటాక తుపాను వచ్చింది. ఉద్దానంలో మా ఊరి కొబ్బరి చెట్లు వరసలు వరసలుగా పడిపోయాయి. కాలేజీ తెరిచాక వెళితే ల్యాబ్ మీద సగం రేకులు లేవు. బీరువా బోర్లా పడి ఉంది. సీసాలు పగిలాయి, పగలనివాటిలో వాన నీళ్లు చేరాయి. మైలుతుత్తం, అంటే కాపర్ సల్ఫేట్, డబ్బాలో ఇసుక, ఆకులు కలిసిన నీలం నీళ్లున్నాయి.

వారం తర్వాత ప్రిన్సిపాల్ గారు బీయస్సీ వాళ్లందర్నీ పిలిచారు. డిసెంబరులో యూనివర్సిటీ నుంచి ఒకాయన చూడటానికి వస్తారని, ల్యాబ్ పనికిరాదని రాస్తే ఈ ఏడు ప్రాక్టికల్ పరీక్షలు శ్రీకాకుళంలో పెడతారని చెప్పారు. మగపిల్లలు పెద్దగా పట్టించుకోలేదు. మా ఊళ్ల వైపు నుంచి వచ్చే ఆడపిల్లలం నలుగురం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. పొద్దున్నే పరీక్షకి అందాలంటే ముందురోజే వెళ్లి అక్కడ ఉండాలి. అలా మూడు పరీక్షలు. ఉద్దానంలో చాలామందికి లాగే మా నాన్నకీ అప్పటికే కిడ్నీలు పాడయ్యాయి. అమ్మ ఆయన్ని తీసుకుని విశాఖపట్నం ఆసుపత్రికి తిరుగుతుంటే ఇల్లూ, తమ్ముడూ, చెల్లీ నా మీదే ఉండేవారు. పరీక్షలు శ్రీకాకుళంలో అయితే నా చదువు అక్కడితో ఆగినట్టే.

ఆ మధ్యాహ్నం షెడ్డు వెనక కూర్చుని ఏడుస్తుంటే బాబాయి చూశారు. సంగతి చెప్పాను.

"ఏటి, ఇంత మాత్రానికే? పరీచ్చ ఇక్కడే అవుద్ది. లెగు. తడిసిన డబ్బాలన్నీ బయటెట్టు."

కెమిస్ట్రీ మేడం తడిసినవన్నీ పారబోయించాలనుకున్నారు. కానీ కొత్త సరుకు వచ్చే ఏడు దాకా రాదు. బాబాయి చేతులు కట్టుకుని ఆవిడ ముందు నిలబడ్డారు.

"పారబొయ్యకండి మేడం గారూ. నీరు తాగీసిన ఉప్పే గదా. ఆ నీటిని పంపీసి, ఉప్పుని ఉంచుకోడం నాకొచ్చు. సిన్నప్పుడంతా అదే పని."

ఆయన ఉద్యోగంలో చేరకముందు నౌపడ ఉప్పుమడుల్లో పనిచేశారని మాకు ఆ రోజే తెలిసింది. మేడం డబ్బాలో నీలం నీళ్లని ఒకసారి చూసి, "సరే బాబాయ్. ముందు ఒక్క మైలుతుత్తం చేసి చూపించండి" అన్నారు.

మగపిల్లలు ఎన్‌ఎస్‌ఎస్ వాళ్లతో కలిసి రేకులు ఎక్కించారు. మేం నలుగురం బాబాయి దగ్గర చేరాం. నీలం నీళ్లని ముందు గుడ్డలో, తర్వాత వడపోత కాగితంలో వడకట్టాం. హీటరు మీద చిక్కబరిచాం. పింగాణీ పూత పళ్లేల్లో పోసి, జీడిచెట్ల నీడ పడనిచోట పెట్టాం. మర్నాటికి అడుగున నీలం నలకలు కనిపించాయి. నేను ఆత్రం పట్టలేక గాజుకడ్డీతో కలపబోయాను. బాబాయి నా చెయ్యి పట్టుకుని ఆపారు.

"కలపకు తల్లీ. కలిపితే పిండైపోద్ది. ఉప్పుని కంగారెట్టకూడదు. ఒగ్గీ, దానంతటదే కడతాది."

మూడు రోజులు కదపకుండా ఒగ్గేశాం. నాలుగో రోజు పళ్లెంలో గోరంత పలకలు కట్టి ఉన్నాయి, చెక్కి పెట్టినట్టు. మేడం ఒక పలకని వేళ్ల మధ్య పట్టుకుని, "ఇంత శుభ్రమైనది మనం కొన్న డబ్బాలో కూడా లేదు" అన్నారు. బాబాయి తుండుతో మొహం తుడుచుకుని, తర్వాతి వంతుగా పటిక డబ్బా తెచ్చి ముందు పెట్టారు.

అన్నీ బాగుపడలేదు. ఒక ఇనుము లవణం తుప్పురంగు తిరిగిపోయింది. "కొద్దిగా మంచిది ఏరి కలిపేద్దామా బాబాయ్?" అని నా స్నేహితురాలు అడిగింది. "పోయినదాన్ని పోయిందనే రాయాల" అని ఆయనే తీసుకెళ్లి పారబోసి వచ్చారు.

డిసెంబరులో యూనివర్సిటీ ఆయన వచ్చారు. రేకులు చూశారు, కుళాయిలు తిప్పారు, బీరువా తెరిచారు. వరసగా పేర్చిన సీసాలు, వాటి మీద మేం రాసిన చీటీలు. మైలుతుత్తం సీసా తీసి, "ఇది ఏ కంపెనీ సరుకు?" అని అడిగారు.

"మా అటెండరూ, ఈ పిల్లలూ చేసిందండీ" అన్నారు మేడం.

ఆయన గుమ్మం దగ్గర నిలబడ్డ బాబాయి వైపు తిరిగారు. "మీరెంతవరకు చదువుకున్నారు?"

"అయిదు దాకా బాబూ. తరవాత ఉప్పుమడుల్లో పన్లో పడిపోనాను."

యూనివర్సిటీ ఆయన నా వైపు తిరిగారు. సీసా నా చేతికిచ్చి, "పరీక్షించి చూపించమ్మా" అన్నారు. నీళ్లలో కరిగించి అమ్మోనియా ద్రావణం చుక్కలు చుక్కలుగా వేశాను. మొదట మబ్బులా తెట్టు కట్టింది, ఇంకాస్త వేయగానే అది కరిగి ముదురు నీలం తిరిగింది. ఇంకో నాళికలో బేరియం క్లోరైడు వేశాను. తెల్లగా పేరుకుంది. రాగీ ఉంది, సల్ఫేటూ ఉంది, అది మైలుతుత్తమే. ఆయన నాళికని వెలుతురుకెత్తి చూసి కాగితం మీద ఏదో రాసుకున్నారు. వెళ్లబోతూ ఆగి, "ఒక పలక ఇవ్వగలరా? మా పిల్లలకి చూపిస్తాను" అని బాబాయిని అడిగారు. బాబాయి అన్నిటికంటే పెద్దది ఏరి, వడపోత కాగితంలో చుట్టి, రెండు చేతులా ఇచ్చారు.

పరీక్షలు మా ల్యాబ్‌లోనే జరిగాయి. నలుగురం రాశాం, నలుగురం ప్యాసయ్యాం. మరుసటి ఏడు డిగ్రీ కూడా పూర్తయింది, మా ఊళ్లో బీయస్సీ పూర్తిచేసిన మొదటి ఆడపిల్లని నేనే. ఆ కబురు చెబితే నాన్న మంచం మీద లేచి కూర్చుని, "ఆ బాబాయిని ఓపాలి మనింటికి తీసుకురామ్మా" అన్నారు. బాబాయి నిజంగానే వచ్చారు, సైకిలు మీద పలాస దాటి అంత దూరమూ. ఇద్దరూ అరుగు మీద కూర్చుని వానల గురించీ కొబ్బరి గురించీ మాట్లాడుకున్నారు. నా చదువు మాట ఒక్కసారి కూడా రాలేదు. వెళ్లేటప్పుడు మాత్రం నాన్న గేటు దాకా నడిచారు. అంత దూరం నడవడం అప్పటికి ఆయనకి పెద్ద పని.

బాబాయి రిటైరయ్యాక ఆ షెడ్డు తీసేసి పక్కా ల్యాబ్ కట్టారు. నేనిప్పుడు హైస్కూల్లో సైన్సు చెబుతున్నాను. మా నలుగురిలో ఒకామె కవిటి వైపు ఆసుపత్రిలో కిడ్నీ రోగులకి రక్తపరీక్షలు చేస్తుంది. ఆమె రాసిచ్చే అంకె కోసం ఎన్నో కుటుంబాలు ఊపిరి బిగబట్టి ఎదురుచూస్తాయి. ఆమె గాజు సామాను కడగడం చూసినవాళ్లెవరైనా ఎవరి దగ్గర నేర్చుకుందని అడుగుతారు. ఆమె చెబుతుంది.

ఆ బుధవారం నౌపడ నుంచి ఇంటికొచ్చి చివరి ఏడాది తీయించుకున్న గ్రూప్ ఫోటో బయటికి తీశాను. ఫోటోల్లో అటెండర్లు నిలబడే ఆనవాయితీ లేదు. మేడం పట్టుబట్టి తన పక్క కుర్చీలో ఆయన్ని కూర్చోబెట్టారు. ఇస్త్రీ చేసిన ఖాకీ చొక్కా, మోకాళ్ల మీద చేతులు. అందరం కెమెరా వైపు చూస్తున్నాం, నవ్వుతున్నాం. ఆయన ఒక్కరే తల పక్కకి తిప్పి ఉన్నారు, షెడ్డు తలుపు వైపు. లోపల ఎవరో కుళాయి కట్టకుండా వచ్చేశారు.