ఏరు దాటిన తాతబ్బాయి మట్టి

అనకాపల్లికి కాస్త దిగువన, శారదా నది మలుపు తిరిగే చోట తాతబ్బాయికి చెరుకు మడి ఉంది. ఉంది అనడం కన్నా ఉండేది అనాలి. మనిషి చెడ్డవాడేం కాదు గానీ, ఎక్కడైనా ఖాళీ జాగా కనబడితే ఆయనకి నిద్ర పట్టదు.

ఏటి గట్టు పొడుగునా దట్టంగా రెల్లు ఉండేది. పెద్దవాళ్ళు దాన్ని కోసి పాకలు కప్పుకున్నారే తప్ప వేళ్ళ జోలికి పోలేదు. తాతబ్బాయి వాళ్ళకన్నా తెలివైనవాడు కదా, ఒక వేసవిలో జేసీబీ తెచ్చి దాన్ని వేళ్ళతో సహా పెకలించి, గట్టు అంచుదాకా చెరుకు నాటించేశాడు.

"మట్టిని పట్టుకున్నదే ఆ రెల్లు. పీకెత్తే మడి నిలుత్తాదా?" అంది భార్య అప్పలనర్సమ్మ.

"ఏటికి ఇంకేటీ దొరకనట్టు నా సేనే తింటాదేటి?" అన్నాడు.

తినేసింది. శ్రావణంలో కొండల మీది వాన ఎర్రగా దిగొచ్చింది. మలుపులో నీళ్ళు విసురుగా గుద్దుకునేది తాతబ్బాయి వైపే. అడుగున మట్టి కోసుకుపోతుంటే పైన గట్టు పెళ్ళలు పెళ్ళలుగా విరిగిపడింది. కొత్త వరసలు ముందు పోయాయి, వాటి వెనకాల పాతవీ పోయాయి. అవతలి ఒడ్డున నీళ్ళకి అంత తొందర లేదు. నెమ్మదిగా పోతూ, మోసుకొచ్చిన మట్టిని అక్కడ దింపేశాయి. ఆ పొలం పరదేశిది, వరసకి బావ. వడ్డించేవాడు మనవాడైతే ఏ బంతిలో కూర్చుంటేనేం? వరద తగ్గాక చూసుకుంటే పరదేశి పొలం పెరిగి ఉంది. పాపం, అందుకోసం ఆయన పడ్డ కష్టమల్లా నిద్రపోవడమే.

తాతబ్బాయి రెవెన్యూ ఆఫీసుకి పరిగెత్తాడు. "మీ సర్వే నంబరు భద్రంగా ఉందండీ, దిగులు పడకండి" అన్నాడు గుమస్తా. భూమి సంగతి వాళ్ళ సెక్షను కాదట.

ఆ కోపంతోనే వంతెన దాటి పరదేశి దగ్గరికి పోయాడు. "బావా, నీ సేలో ఉన్నది నా మట్టి. ఇచ్చెయ్."

"నీదెలాగయింది బావా? కొండరాయి ఎండకి పగిలి, వానకి అరిగి, పొడై కొట్టుకొచ్చిన మట్టి ఇది. ఆ కొండలోళ్ళొచ్చి అడిగితే నువ్విచ్చేవా?" అన్నాడు పరదేశి, చుట్ట వెలిగించుకుంటూ.

తాతబ్బాయికి ఏడుపొచ్చింది. మగాడు కాబట్టి నాలుగు తిట్లు తిట్టి వచ్చేశాడు.

తిట్లు పండవు కదా. ఇంటికి ఆ మడి తప్ప వేరే ఆధారం లేదు. చివరికి అప్పలనర్సమ్మే వెళ్ళి, పరదేశి భార్యని బతిమాలి, ఆ కొత్త మేటని కౌలుకి ఖాయం చేసుకొచ్చింది. తాతబ్బాయి పౌరుషంతో ఒక పూట అన్నం మానేశాడు. మర్నాడు పార భుజాన వేసుకుని, తన మట్టికే కౌలుదారుగా వంతెన దాటాడు.

సాయంత్రం పని ముగిశాక కూలీలంతా ఏట్లో దిగి కాళ్ళు కడుక్కుంటారు. తాతబ్బాయి కడుక్కోడు. మోకాళ్ళదాకా బురదతోనే వంతెన దాటొచ్చి, తెగిపోయిన తన గట్టు మీద కూర్చుని, పుల్లతో కాళ్ళు గీక్కుంటాడు.

ఒకరోజు అప్పలనర్సమ్మ చూసి, "అదేటి? ఏట్లో కడుక్కోలేవా?" అంది.

"నా సేను. కొంచెం కొంచెంగా తెచ్చుకుంతన్నాను," అన్నాడు తాతబ్బాయి, తలెత్తకుండా.