వెర్లిన్ ఎంచిన విమానం

వెర్లిన్ స్టకీ మనుషుల్ని కాటా ఎక్కించేవాడు. నోటిమాట నమ్మేవాడు కాదు. మా సలైనా ఊళ్ళో ఇనుప గాదెలు తయారుచేసే కంపెనీకి అతను ఇరవై ఆరేళ్ళుగా పెద్ద పైలట్. నేను కంపెనీ విమానానికి మెకానిక్‌ని. ఎక్కబోయే ప్రతివాణ్ణీ బూట్లతో, కోటుతో, పనిముట్ల పెట్టెతో సహా విమానం నిలిపే హ్యాంగర్‌లోని దాణా కాటా మీద నిలబెట్టి అంకె రాసుకునేవాడు.

"ఏం వెర్లిన్, మేమేమైనా సంతకొచ్చిన దూడలమా?" అని వెల్డర్లు ఏడిపించేవారు.

"దూడలైతే అబద్ధాలాడవురా. పోయినసారి నువ్వు నీ బరువులో ఇరవై పౌన్లు దాచేశావు. ఎక్కు!"

ఆ చాదస్తం చూస్తే నాకు ఒళ్ళు మండేది. రెండు నిమిషాల పనికి అరగంట.

పాత విమానానికి రోజులు దగ్గరపడ్డాయి. కొత్తది ఎంచే పని మా యజమానురాలు ఆర్డిత్ వెర్లిన్‌కే అప్పగించింది. ఏరగా ఏరగా రెండు చిన్న జెట్‌లు మిగిలాయి. మేం వాటికి పొడుగుది, పొట్టిది అని పేర్లు పెట్టుకున్నాం. పొడుగుదాన్ని ఇద్దరు పైలట్లు నడపాలి. పొట్టిదాన్ని ఒక్కరు నడిపినా చట్టం ఒప్పుకుంటుంది. మా దగ్గర పైలట్లు ఇద్దరే, వెర్లిన్, టెస్సా. ఆమెకి ముప్పై నాలుగు, ఇతనికి అరవై ఏడు. భార్య మార్లా పోయాక వెర్లిన్‌కి ఆ ముందు సీటు తప్ప ఇంకేమీ మిగల్లేదు. ఆ సంగతి మా హ్యాంగర్ పిల్లికి కూడా తెలుసు.

విమానాలమ్మేవాళ్ళు రంగురంగుల పుస్తకాలిచ్చిపోయారు. వాటిలో ప్రయాణికులందరూ సన్నగా ఉంటారు, ఎండ కాయదు, రన్‌వే సముద్రం ఒడ్డునే ఉంటుంది. వెర్లిన్ వాటిని పక్కన పడేసి మా లెక్క వేశాడు. నలుగురు వెల్డర్లు, వాళ్ళ పనిముట్లు, ఆగస్టు మధ్యాహ్నం, ఐడహో కొండల్లో మా రెండో ఫ్యాక్టరీ పక్కనున్న ఆ కురచ రన్‌వే. మా ప్రయాణాల్లో సగం అక్కడికే మరి.

మార్చిలో ఓ రోజు భోజనాలవేళ నన్ను పిలిచి కాగితం ముందుకు తోశాడు. అతని చిల్లీ పులుసు గిన్నె, దాల్చినచెక్క రొట్టె ముట్టకుండానే చల్లారిపోయాయి. కాగితం చదివాను. ఆ ఎండకి, ఆ ఎత్తుకి గాలి పలచబడి, పొడుగుది ఆ రన్‌వే మీంచి నలుగురితో లేవదు. పొట్టిది లేస్తుంది, కానీ పైలట్ ఒక్కరే ఉండాలి. రెండో మనిషి ముందు కూర్చుంటే బరువు మించిపోతుంది. అరవై అయిదు దాటినవాడు ఒంటరిగా నడిపితే మా ఇన్సూరెన్స్ వాళ్ళు ఒప్పుకోరు.

"అంటే నువ్వు..." అన్నాను.

"అంటే టెస్సా," అన్నాడు.

"నీకేమైనా మతిపోయిందా? ఆ పుస్తకంలో అంకెలే వేసెయ్. పొడుగుది నెగ్గుతుంది. ఆర్డిత్ ఆఖరి లైను తప్ప చదవదు. లేదా ఓ వెల్డర్‌ని తగ్గించు."

"అక్కడ వెల్డింగ్ నువ్వు చేస్తావా?" నవ్వబోయి మానేశాడు. "నాకు తట్టలేదనుకున్నావా గస్? వారంనుంచీ అదే రాసి చింపుతున్నాను. నాలుగేళ్ళ కిందట ఆ రన్‌వే చివర కంచెని తాకీ తాకకుండా లేచాం. అది ముందు కూర్చున్న నాకూ టెస్సాకే తెలుసు. వెనకాల వాళ్ళు హాయిగా పేకాడుకుంటున్నారు. నేనింకో మూడేళ్ళు ఎగరాలని వాళ్ళని మళ్ళీ అక్కడికి తోలనా?"

నేను విసురుగా లేచి వచ్చేశాను. కోపం ఎవరిమీదో నాకే తెలియదు.

ఆర్డిత్ నిజంగానే ఆఖరి లైనే చదివింది. "శభాష్ వెర్లిన్!" అని భుజం తట్టింది. దాంతో వెర్లిన్ సీటు పోతుందన్న అసలు సంగతి వారం తర్వాత టెస్సా చెబితేగాని ఆమెకి తెలియలేదు. పరుగున హ్యాంగర్‌కి వచ్చి, "ముందే చెప్పి ఏడవొచ్చుగా! ఆఫీసులో ప్రయాణాలు చూసుకునే కుర్చీ ఇస్తాను," అంది.

"కుర్చీ మంచిదే ఆర్డిత్," అన్నాడు వెర్లిన్.

మరుసటి ఏడాది ఆగస్టులో పొట్టిది మొదటిసారి ఐడహోకి బయల్దేరింది. ముగ్గురు వెల్డర్లు వచ్చారు. నాలుగోవాడు, రస్టీ, పత్తా లేడు. పావుగంట చూశాం. ఫోనెత్తలేదు.

"ఇంక వాడు రాడు," అంది టెస్సా. ఆమె మొహం వెలిగిపోతోంది. "వాడి బరువు మిగిలింది. నా పక్కన కూర్చో వెర్లిన్. రా!"

అతను చిన్నపిల్లాడిలా మెట్లెక్కేశాడు. పక్క సీట్లో కూర్చుని బెల్టు పెట్టుకున్నాడు. ఆఫీసు కుర్చీలోకి మారిన పదిహేను నెలల తర్వాత అతన్ని అలా చూసి నా కడుపు నిండిపోయింది. తలుపు ఇంకా వెయ్యలేదు. అంతలో అతనే బెల్టు విప్పుకుని దిగొచ్చాడు. గేటువైపు చూస్తే రస్టీ బండి దుమ్ము రేపుకుంటూ వస్తోంది.

"టైరు పేలింది, ఏం చెయ్యను!" అని రొప్పుతూ వచ్చాడు రస్టీ.

"సోది తర్వాత. ఎక్కు!" అన్నాడు వెర్లిన్.

పాపం, తను ఎవరి చోటులోకి ఎక్కుతున్నాడో రస్టీకి తెలియదు. విమానం గాల్లోకి లేచింది. వెర్లిన్ చాలాసేపు అటే చూశాడు.

"వాడి బండి ముందు నాకే కనపడింది గస్," అన్నాడు. "మీరెవరూ చూళ్ళేదు. తలుపు వేసెయ్యమని టెస్సాకి చెబుదామనుకున్నాను. నోటిదాకా వచ్చింది."

అని, అక్కడే నిలబడి ఏడ్చేశాడు.