అరిచి చెప్పలేని మాట

మా ఆయనకి పాత పాటల పిచ్చి. ఆ పిచ్చిలోనే ఒకసారి విశాఖపట్నం వెళ్ళినప్పుడు అరచేతిలో పట్టేంత నల్లటి పెట్టె ఒకటి కొనుక్కొచ్చారు. హెడ్‌ఫోన్ యాంప్లిఫయరట. వెనక నుంచి ఒక వైరు కంప్యూటర్‌కి వెళ్తుంది, ముందు హెడ్‌ఫోన్స్ పిన్ను పెట్టే చోటు, పక్కన సౌండు పెంచుకునే గుండ్రటి నాబ్. అంతే. ఉత్త కంప్యూటర్‌లోంచి వచ్చే పాట పల్చగా ఉంటుందనీ, ఇది తగిలిస్తే చిక్కబడుతుందనీ ఆయన వాదన. నాకు రెండూ ఒకలాగే వినిపించాయి. పొద్దుటి నుంచి ఎనిమిదో తరగతి పిల్లల మీద అరిచి ఇంటికొచ్చిన మనిషికి పాట పల్చగా ఉంటేనేం, చిక్కగా ఉంటేనేం? అసలు లేకపోతే ఇంకా సుఖం.

స్కూల్లో అరుపు ఒక ఎత్తు, ఇంట్లో అరుపు ఇంకో ఎత్తు. మా అత్తగారికి వినికిడి బాగా తగ్గింది. నాతవరం పక్క పల్లెలో వరిచేల మధ్య బతికిన మనిషి. మామగారు పోయాక నర్సీపట్నం తెచ్చుకున్నాం. చెవి మిషను మాట ఎత్తామో, ఆవిడ ముఖం ఎర్రబడిపోయేది. "నానేటి సెవిటిదాన్నా? మీరే నోట్లో నోట్లో గొణుక్కుంటారు" అనేవారు.

అందుకని అరిచేవాళ్ళం. మాత్ర వేసుకున్నారా? గీజరు కట్టేశారా? కూరలో ఉప్పు సరిపోయిందా? చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అంటారు గానీ, ఆ ఊదేవాడి ఊపిరి సంగతి ఎవరూ అడగరు. నా గొంతు అసలే స్కూల్లో బొంగురుపోయి వస్తుంది. ఆ గొంతుతో అరిస్తే అడిగినట్టుండదు, కసిరినట్టుంటుంది. మాది ఇరుకు సందు, గోడకి గోడ. ఎదురింటావిడ ఒకరోజు కూరగాయల బండి దగ్గర నన్ను ఆపి, "పెద్దావిడ కదమ్మా, మరీ అలా కసురుకోకు" అంది. నాకు ఒళ్ళు మండిపోయింది. మా సందులో అందరి చెవులూ బాగా పనిచేస్తాయి, అదే వచ్చిన చిక్కు.

ఎదురింటావిడ మాట దులిపేసుకున్నాను. కానీ ఒక సాయంత్రం అత్తగారు కొడుకుతో అన్న మాట వంటింట్లోకి వినపడింది. ఆవిడ మెల్లగా చెబుతున్నాననే అనుకున్నారు. "నన్ను రోలుగుంట పంపించీరా. మీ అక్క దగ్గరుంటాను. నీ పెళ్ళానికి నానంటే పడదు. నిత్తెం తిడతాది."

రోలుగుంటలో మా ఆడపడుచు వాళ్ళు తెల్లారితే జీడితోటలోకి పోతారు, మళ్ళీ పొద్దుగూకాకే రావడం. అక్కడ ఈవిడ పగలంతా ఒక్కతే గోడలు చూస్తూ కూర్చోవాలి. పంపించేస్తే నా పని తగ్గుతుందని నాకూ తోచకపోలేదు. కానీ కోడలు తిట్టి తరిమిందన్న నమ్మకంతో ఆవిడ ఆ గడప దాటితే, ఆ మాట మా ఇద్దరి మధ్యా చచ్చేదాకా ఉండిపోతుంది. పోనీ కోపం లేదని ప్రమాణం చేద్దామంటే, గొంతు పెంచీ పెంచీ, అరుపు ఎక్కడ ఆగుతోందో కోపం ఎక్కడ మొదలవుతోందో నాకే తెలియకుండా పోయింది.

ఆ గొడవ నడుస్తుండగానే ఒక ఆదివారం మా ఆయన తల్లిని కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్స్ తగిలించి, ఒక హరికథ పెట్టి, నాబ్ మెల్లగా తిప్పుతూ పోయారు. సగం దాటాక ఆవిడ "ఓలమ్మో!" అని గుండె మీద చెయ్యేసుకున్నారు. తాళాల చప్పుడు కూడా వినిపిస్తోందట. ఇది చెవి మిషను కాదు కదా, పాటల మిషను. దీనికి ఆవిడకి అభ్యంతరం లేదు. అయినా ఎవరైనా వస్తే మాత్రం చీరచెంగు తలమీంచి కప్పేసుకునేవారు.

అప్పటినుంచి మధ్యాహ్నాలు పెట్టె ఆవిడది, సాయంత్రాలు ఆయనది. తల్లి నాబ్‌ని చివరిదాకా తిప్పి వదిలేసేది, కొడుకు చూసుకోకుండా హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కుర్చీలోంచి ఎగిరిపడేవాడు. లేచేటప్పుడు నాబ్ వెనక్కి తిప్పి లేవాలని ఇంట్లో ఒక రూలు పెట్టుకున్నాం. ఆ రూలు ఆవిడకి చెప్పడానికి కూడా అరవాల్సి వచ్చింది.

కరోనా రోజుల్లో ఆన్‌లైన్ పాఠాల కోసం కొన్న మైకు అటక మీద ఉండేది. దాన్ని దింపి, అందులో మాట్లాడింది అత్తగారి చెవుల్లో పడేలా మా ఆయన కంప్యూటర్‌లో ఏదో మార్చారు. "మాట్లాడు" అని మైకు నా చేతిలో పెట్టారు. నేనేం చేశాను? ఇన్నేళ్ళుగా చేస్తున్నదే చేశాను. ఛాతీ నిండా గాలి పీల్చి, "అత్తయ్యా! వినపడుతోందా!" అని అరిచాను.

ఆవిడ హెడ్‌ఫోన్స్ లాగి బల్ల మీద పడేశారు. కళ్ళల్లో నీళ్ళు. "ఇందులోంచి కూడా తిడతాదిరా! నాను ఎల్లిపోతాను" అన్నారు. శనివారం సాయంత్రం ఆఫీసు నుంచి రాగానే రోలుగుంట దింపుతానని మా ఆయన ఒప్పుకున్నారు. నాకు వాదించే ఓపిక లేదు.

శనివారం నేను ఇంటికొచ్చేసరికి గొంతు పూర్తిగా పోయింది. పరీక్షల ముందు రివిజన్, పైగా పక్క టీచరు రాకపోతే రెండు క్లాసులు కలిపి చెప్పాను. అత్తగారు బట్టలు సర్దేసుకుని, ఆఖరిసారన్నట్టు హరికథ వింటూ కూర్చున్నారు. కథ అయిపోయింది. నేను పక్క కుర్చీలో కూలబడ్డాను. అరవడానికి గొంతులో ఏమీ లేదు. మైకు దగ్గరికి లాక్కుని, ఎంతొస్తే అంతే అన్నాను.

"కాఫీ తాగుతారా అత్తయ్యా?"

ఆవిడ ఇటూ అటూ చూశారు. ఎవరొచ్చారా అని గుమ్మం వైపు కూడా చూశారు. తర్వాత నన్ను, నా చేతిలో మైకునీ చూసి, "నువ్వా? నీ గొంతు ఇలాగుంటాదేటి?" అన్నారు.

తలూపాను.

"ఇంకేటైనా సెప్పు."

మాత్ర, గీజరు, ఉప్పు. ఇన్నేళ్ళూ మేం మాట్లాడుకున్నవన్నీ అరిచి చెప్పగలిగిన మాటలే. అరవడానికి వీల్లేనివి లోపలే ఉండిపోయాయి. వాటిలో ఒకటి ఇప్పుడు దానంతటదే బయటికొచ్చింది.

"బాగా అలిసిపోయాను అత్తయ్యా."

ఆవిడ కుర్చీ నా వైపు జరుపుకున్నారు. "ఇది అలుపటే? నాను కోపమనుకున్నాను" అన్నారు. నాకు ఏడుపొచ్చేసింది. ఆపుకోలేదు.

అంతలో మా ఆయన వచ్చి, సంచి ఏదని సైగ చేశారు. అత్తగారు హెడ్‌ఫోన్స్ తియ్యలేదు. అవి పెట్టుకుంటే తన గొంతు ఎంత పైకి పోతుందో ఆవిడకి తెలియదు. సందు మొత్తం వినపడేలా అరిచారు.

"ఒరే, మీ అక్కకి ఫోన్ సేసి నాను రానని సెప్పు! మా పిల్లకి ఒంట్లో ఓపిక నేదు!"

వీధి తలుపు బార్లా తీసి ఉంది. వెయ్యడానికి నేను లేవలేదు.