బామ్మర్ది గిటార్‌కు ఉప్పు కాగితం

నారాయణఖేడ్ ప్రజలకు ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, కొత్త సామానును పాతగా చేయమని అడిగేవాడిని వెంటనే అనుమానించవలెను.

పొద్దున మా బామ్మర్ది మల్లేశం తళతళలాడే ఎలక్ట్రిక్ గిటార్ తెచ్చి, ఇరవై ఏళ్లు వాడినట్టు చేసిపెట్టమన్నాడు. దొంగసొత్తుకే ఇలా వేషం మారుస్తారు కదా!

"చోరీ మాలా ఏందిరా?"

"నీ అసొంటోణ్ణా నేను? కొత్త గిటార్ చూస్తే నేర్చుకునేటోడు అంటున్రు బావా. పాతదైతే ఉస్తాద్ అంటరు. పొద్దుమీకి పెండ్లి బ్యాండోళ్లు నన్ను తీస్కుంటరో లేదో చెప్తరు."

వాయించే చెయ్యి ఆనే అంచును ఉప్పు కాగితంతో కట్టె కనబడేదాకా గీకి, చాయ్ డికాషన్ పూశాను.

సాయంత్రం బ్యాండు పెద్ద గిటార్‌ను తిప్పి తిప్పి చూశాడు. "చెయ్యి పైఅంచుకు ఆనుతది. గీ కింది అంచు అరిగిందేంది?"

నేను గీకింది తప్పు అంచు! మల్లేశం మొహం తెల్లబోయింది.

"నాగల్‌గిద్దల ఉండే మా మేనమామది. ఆయనది ఎడమచేతి వాటం, తిరగేసి పట్టుకుంటడు," అన్నాను జల్దీగా.

బ్యాండు పెద్ద నమ్మలేదు. "సరే, వాయించు," అన్నాడు. మల్లేశం వాయించాడు, బ్యాండులో చేర్చుకున్నారు. ఇంత బాగా వాయించేవాడికి అరిగిన గిటార్ ఎందుకో మీరే చెప్పండి.

ఇగ నిజం చెప్తున్నాను. మా అమ్మకు అన్నదమ్ములే లేరు.