మంచం కింద తాడు

బర్మామైన్స్‌ పేటలో, సముద్రానికి దూరంగా హిందీ మాట్లాడే ఈ ఉక్కు నగరంలో, మా పక్కింటి అత్త పోయిన నెల చనిపోయింది. పొద్దున్నే మనవరాలు తలుపు కొట్టి చెప్పింది. నాకు ముందు ఏడుపు రాలేదు, భయం వేసింది. ఎక్కడో సముద్రం దగ్గర ఏటి ఒడ్డున ఉన్న ఆమె తమ్ముడి గురించి భయపడే పని ఇక నాదేనని తోచింది.

అత్త పుట్టింది శ్రీకాకుళం దాటి, ఒడిశా సరిహద్దు దగ్గర, ఉప్పుటేరు సముద్రంలో కలిసే చోట. చిన్నప్పుడు తుఫాను వస్తే వాళ్ల నాన్న పడవని మడ అడవిలోకి తోసుకెళ్లి, కొబ్బరి పీచు తాడుతో చెట్లకి కట్టేశాడట. పసివాడైన తమ్ముణ్ణి ఒళ్లో అదుముకుని ఆమె అందులోనే పడుకుంది. బయట కెరటాలు ఇళ్లు కూలుస్తుంటే, లోపల పడవ ఊగిందంతే. ఆ తాడు పెళ్లయ్యాక ఆమెతో ఇక్కడికొచ్చింది. మంచం కిందే ఉండేది.

మడచెట్టు మాటెత్తితే ఆమె గొంతు మెత్తబడేది. “గింజని ఊరికే రాల్చీదురా బాబూ. కొమ్మ మీదే మొలకెత్తించి, నిలబడగలిగినాక బురదలోకి ఒగ్గుతాది,” అనేది. ఇక్కడి బిష్టుపూర్ బజార్లో రొయ్యలు చూస్తే మాత్రం మండిపడేది. “సెరువు రొయ్య. మా మడని తినీసి బలిసింది.” ఇంటికి తేనిచ్చేది కాదు.

ఆ మాట అక్షరాలా నిజం. మడ వేళ్లు బురదలోంచి పైకి పొడుచుకొచ్చి గాలి పీల్చుకుంటాయి. రొయ్యల చెరువుల గట్లు పోటునీ పాటునీ ఆపేశాయి. నిలవ నీటిలో వేళ్లు మునిగి, ఊపిరాడక చెట్లు నిలువునా చచ్చాయి. అధికారుల్ని అడిగితే, బదులుగా సరుగుడు నాటాం కదా అంటారు. సరుగుడు ఇసుక దిబ్బ మీద గాలిని ఆపుతుంది, కాదనను. రోజూ పోటుకి మునిగే బురదలో దాన్ని పెంచి చూపించండి, పత్రికలకి ఈ సంగతులు రాయడం నేను మానేస్తాను. ఒడ్డుని పట్టుకున్న వేళ్లు పోతే ఒడ్డు పోతుంది. దీనికి పెద్ద చదువులు కావాలా?

టీవీలో అల్పపీడనం అన్నారంటే అత్త తాడు తీసి ఒళ్లో పెట్టుకునేది. మనవరాలు నవ్వేది. “దాదీ, సముందర్ యహా థోడీ ఆయేగా?”

“ఇక్కడికి రాదే. నా తమ్ముడింటికి వత్తాది.”

కర్మకి ఆ తమ్ముడు వచ్చాడు. ఏరు ఇప్పుడు తన పెరటి గోడని కోస్తోందని, చేపల వేట వదిలి ఎక్కడికి పోగలనని అన్నాడు. అక్క గుర్తుగా ఉంచుకోమని తాడు ఆయన చేతిలో పెట్టాను. దాని పురి వేళ్లతో నిమిరి చూశాడు.

“దేనికి కట్టమంటావు అల్లుడూ?” అన్నాడు. తాడుని అత్త మంచం మీదే వదిలి రైలెక్కాడు.

ఈ రోజు టీవీలో మళ్లీ అల్పపీడనం అంటున్నారు. పొద్దుటి నుంచి ఆయన ఫోను కలవడం లేదు. తాడు నా ఒళ్లో ఉంది. ఒక కొస నా పిడికిట్లో. రెండో కొస నేల మీద వదులుగా పడి ఉంది.